చైనా మూలికల కషాయం: పుదీనా చివర్లోనే వేయాలి

సింగపూర్‌లో చైనా వైద్యుడు అమ్మగారి జలుబుకి ఇచ్చిన పొట్లాన్ని ఇనుప గిన్నెలో గంటసేపు మరిగిస్తే నల్లగా, వాసనే లేకుండా వచ్చిందని రాశారు కదా, ముందు దాన్ని పారబోయండి. ఇనుము, రాగి, అల్యూమినియం పాత్రలు వద్దు. మూలికల్లోని టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) ఇనుముతో కలిసి రంగూ రుచీ మార్చేస్తాయి, అందుకే చైనా వాళ్లు మట్టికుండ వాడతారు, లేకపోతే గాజుది గానీ స్టీలుది గానీ సరిపోతుంది.

చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టండి, మూలికల మీద రెండు వేళ్ల ఎత్తు నీళ్లుండాలి, మరిగాక సెగ తగ్గించి జలుబు మందైతే 15 నుంచి 20 నిమిషాలు చాలు. పుదీనా మాత్రం చివరి 5 నిమిషాల్లోనే, లేదంటే దాని నూనె ఆవిరితో పాటే పోతుంది, మీకు వాసన రాకపోవడానికి కారణం అదే. వడకట్టాక అవే మూలికల్ని కొత్త నీళ్లతో ఇంకోసారి కాచి, రెండు కషాయాలూ కలిపి రెండు పూటలకి పంచుతారు.

కానీ అమ్మగారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్నారన్నారు, నాకు టెన్షన్ అక్కడే. డాంగ్‌గుయ్, డాన్‌షెన్ లాంటి చైనా మూలికలు దానితో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. పొట్లంలో ఏమేం ఉన్నాయో చీటీ రాయించుకుని గుండె డాక్టర్‌కి చూపించండి, ఆయన సరేననేదాకా ఒక్క గుక్క కూడా ఇవ్వకండి.