అల్లూరిని కాసేపు పక్కన పెట్టి...

ప్రశ్న: తొమ్మిదో తరగతికి 'నేను చూపిన ధైర్యం' అని వ్యాసం ఇచ్చాను. సగం మంది అల్లూరి గురించి, ఝాన్సీ లక్ష్మీబాయి గురించి రాశారు. మిగిలినవాళ్లంతా బందరు కాలవలో మునిగిపోతున్నవాళ్లను కాపాడేశారట! సొంత సంగతి రాయించేదెలా?
*– తెలుగు ఉపాధ్యాయిని, పటమట, విజయవాడ*

జవాబు: పిల్లల్ని అనకండి, చిక్కంతా ప్రశ్నలోనే ఉంది. ధైర్యం అనగానే ఎవరికైనా కూడళ్లలో విగ్రహాలే గుర్తొస్తాయి. భయం దగ్గర మొదలుపెట్టండి. 'భయమేసినా చేసిన పనులు' అని బోర్డు మీద రాసి, తలా ఐదు రాయమనండి. ఒక్కోదానికి ఒక్క వాక్యం, మొత్తం పది నిమిషాలు. మొదట బల్లి, చీకటి, ఇంజెక్షనే వస్తాయి. నాలుగూ ఐదూ దగ్గర పెన్ను ఆగుతుంది, అసలువి అక్కడ బయటపడతాయి. మార్కులు తగ్గాయని నాన్నతో చెప్పడం, షేర్ ఆటోలో వెకిలిగా మాట్లాడినవాణ్ణి ఆపమనడం, నత్తి ఉన్నా అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పించడం. మూడు అడిగితే సరిపోవు.

నమూనాకు చిన్న సంఘటన చాలు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్), టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. కత్తీ లేదు, గుర్రమూ లేదు. ఎంతటి సంగతి రాయొచ్చో పిల్లలకు దాంతో తెలిసిపోతుంది.

మర్నాడు ఐదింట్లో ఒకటి ఎంచుకుని పావుగంట ఆపకుండా రాయాలి. ఒత్తులు, దీర్ఘాలు అప్పుడే దిద్దకండి. ఎర్ర పెన్ను కనపడితే తప్పు రాదనుకున్న మాటలే రాసి ఊరుకుంటారు. తర్వాత మార్జిన్‌లో మూడు ప్రశ్నలకు జవాబు రాయించండి: పక్కన ఎవరున్నారు? చేసే ముందు ఒంట్లో ఏమైంది? చేయకపోతే ఏమయ్యేది? మూడోదాన్ని తేలిగ్గా వదలొద్దు. 'చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు' అని రాసిన పిల్లకు, అది తాను తీసుకున్న నిర్ణయమని అప్పుడే తడుతుంది. నా మటుకు ఈ వ్యాసం వల్ల పిల్లలకు దక్కేది ముఖ్యంగా ఇదే. తనకు జరిగిందనుకున్నదాన్ని తాను చేసిందిగా చూడటం మొదలుపెడతారు.

రెండు రోజులు వదిలి రెండో ప్రతి, పేజీన్నర. చివర్లో 'కావున మనమందరం ధైర్యంగా ఉండాలి' అని ఉంటే కొట్టేయించండి, చాలామంది రాస్తారు. ఇంటికి మాత్రం పంపొద్దు, నాన్నగారి వ్యాసం వచ్చేస్తుంది. మార్కులు తప్పనిసరైతే వివరాలకు వేయండి. సాహసం ఎంత పెద్దదని వేశారో, మళ్లీ అందరూ కాలవలో దూకుతారు. నలుగురిలో చదవొద్దనుకున్నవాళ్లు కాగితం మూల మడిచి ఇవ్వాలని ముందే చెప్పండి, మడిచినదాన్ని క్లాసులో చదవకండి.

ప్రశ్న: మా అబ్బాయి సీనియర్ ఇంటర్, విజయవాడ హాస్టల్లో ఉంటాడు. ఇలాంటి రాతలు చదువుకు అడ్డం కావా?
*– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు*

జవాబు: పావుగంటకి ర్యాంకు ఎక్కడికీ పోదమ్మా. పరీక్షంటే బాగా భయపడే పిల్లలు, లోపలికి వెళ్లేముందు పది నిమిషాలు ఆ భయాన్నే కాగితం మీద పెడితే మెరుగ్గా రాశారని చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించారు. అలాగని మంత్రమనుకోకండి. అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు తమ బాధల గురించి రాశారు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. కానీ జరిగినదాన్నీ, దానిపై తమ భావాలనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో కాలేజీ ఆస్పత్రికి తక్కువసార్లు వెళ్లారు. కాబట్టి రాశాక కాసేపు ముభావంగా ఉంటే కంగారు పడకండి. పడుకోబోయే ముందు కాకుండా సాయంత్రం రాసుకోమనండి. రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, చావు మాట ఎత్తినా రాతతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

వాడి నోట్‌బుక్ తెరవకండి. ఒకసారి తెరిచారని తెలిస్తే, ఆపైన రాసేదంతా మీకోసం రాస్తాడు.

ప్రశ్న: నేనెప్పుడూ ధైర్యంగా ఏమీ చేయలేదు. ఏం రాయను?
*– డిగ్రీ విద్యార్థి, అరండల్‌పేట*

జవాబు: చేయలేకపోయినదే రాయండి. ఎక్కడ ఆగిపోయారో, ఏ మాట గొంతులో ఉండిపోయిందో ఉన్నదున్నట్టు రాస్తే అదీ ఈ కోవలోదే.

ప్రశ్న: ఒక అమ్మాయి, బంధువు తనతో తప్పుగా ప్రవర్తించాడని వ్యాసంలో రాసింది. ఎవరికీ చెప్పొద్దంటోంది.
*– ట్యూషన్ టీచరు, గుంటూరు*

జవాబు: చెప్పనని మాటివ్వకండి. అది లైంగిక వేధింపైతే, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే. లేకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే ఏం చేయాలో చెబుతారు. ఆమె మాటను నమ్ముతున్నానని చెప్పండి. 'ఎన్నిసార్లు, ఎప్పుడు' అని మీరు తవ్వొద్దు. వాంగ్మూలం తీసుకునేది పోలీసులు. అదీ ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటో, యూనిఫాం లేకుండా. ఇంట్లోవాళ్లకు ముందు చెబితే కొన్నిచోట్ల ఆ బంధువుకే కబురు అందుతుంది, జాగ్రత్త. వ్యాసాన్ని దిద్దకండి, ఫొటో తీసి ఎవరికీ పంపకండి. అసలు కాగితం తేదీ వేసి, తాళం ఉన్న చోట పెట్టండి.