టెక్ సందేహాలు: కొత్త జీసీసీతో పాత ప్యాకేజీలకు పేచీ

సందేహం: ఉబుంటు 22.04లో చక్కగా బిల్డ్ అయిన ఓ పాత ఓపెన్ సోర్స్ సీ ప్రోగ్రామ్ ఫెడోరా 42లో 'టూ మెనీ ఆర్గ్యుమెంట్స్ టు ఫంక్షన్' అంటూ ఆగిపోతోంది. సోర్స్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. పాత జీసీసీ (సోర్స్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్) వేసుకోవడమే దారా?

జవాబు: అక్కర్లేదు. ఉబుంటు 22.04లో జీసీసీ 11 ఉంటే, ఫెడోరా 42లో వచ్చేది జీసీసీ 15. ఈ 15తోనే సీ భాషకు డిఫాల్ట్ ప్రమాణం జీఎన్‌యూ17 నుంచి జీఎన్‌యూ23కి (అంటే సీ23 ప్రమాణానికి జీఎన్‌యూ చేర్పులు కలిపిన రూపానికి) మారింది. హెడర్‌లో (ఫంక్షన్లను ముందుగా ప్రకటించే ఫైల్లో) 'ఇంట్ సేవ్();' అని ఖాళీ బ్రాకెట్లతో రాసి వదిలేస్తే పాత ప్రమాణంలో ఆర్గ్యుమెంట్ల (ఫంక్షన్‌కు పంపే విలువల) సంగతి చెప్పలేదనే లెక్క. ఎన్ని పంపినా కంపైలర్ ఊరుకునేది. సీ23లో అదే వాక్యానికి 'ఆర్గ్యుమెంట్లే లేవు' అని అర్థం. రెండు పంపితే ఎర్రర్ రాక తప్పదు.

కారణం ఇదేనా అని ముందు తేల్చుకోండి. 'మేక్ డిస్ట్‌క్లీన్'తో పాత బిల్డ్ ఆనవాళ్లు తుడిచేసి, కాన్ఫిగర్‌కి (బిల్డ్‌కు ముందు సిస్టమ్‌ను పరీక్షించే స్క్రిప్టుకు) సీసీ='జీసీసీ -ఎస్‌టీడీ=జీఎన్‌యూ17' అని ఇవ్వండి. ఏ కంపైలర్ వాడాలో చెప్పేది ఈ సీసీ. ఈ -ఎస్‌టీడీ ఆప్షన్‌ను సీఫ్లాగ్స్‌లో (కంపైలర్ ఆప్షన్లు ఉంచే చోట) పెట్టమనే సలహాలు కనిపిస్తాయి కానీ, మేక్ కమాండ్ వెంట సీఫ్లాగ్స్ ఇస్తే మేక్‌ఫైల్‌లో రాసుకున్న ఇన్‌క్లూడ్ దారులు కొట్టుకుపోవచ్చు. సీసీలో పెడితే ఆ బెడద లేదు. ఇలా బిల్డ్ అయిపోతే ఈ పూటకు గండం గడిచినట్టే.

అసలు మరమ్మతుకు ఆ ఆప్షన్ తీసేసి 'మేక్ -కే' నడపండి. మొదటి ఎర్రర్ దగ్గరే ఆగకుండా అన్నీ ఒకేసారి చూపిస్తుంది. ఎక్కువగా తగిలేవి మూడు. ఖాళీ బ్రాకెట్లు ఉన్నచోట అసలు ఆర్గ్యుమెంట్ల రకాలు రాయండి, నిజంగా ఏమీ లేకపోతే 'వాయిడ్' అనండి. పాత కంపైలర్లకూ ఇది సమ్మతమే. రెండోది, సిగ్నల్ హ్యాండ్లర్‌ను 'వాయిడ్ హ్యాండ్లర్()' అని రాసి ఉంటే పాయింటర్ రకం కుదరలేదంటుంది. 'వాయిడ్ హ్యాండ్లర్(ఇంట్ సిగ్)' అని మారిస్తే సరి.

మూడోది 'టైప్‌డెఫ్ ఇంట్ బూల్;', అంటే ఇంట్‌కు బూల్ అని మారుపేరు పెట్టడం. సీ23లో బూల్ కీవర్డ్ కాబట్టి ఇది చెల్లదు. ఆ వరుస తీసేసి ఎస్‌టీడీబూల్.హెచ్‌ను కలపండి. తొందరపడొద్దు, ఇక్కడో మెలిక ఉంది. ఇంట్ సైజు 4 బైట్లు, బూల్‌ది మామూలుగా 1 బైటు. ఆ బూల్ ఏదైనా స్ట్రక్ట్‌లో (కొన్ని విలువల కట్టలో) ఉండి, దాన్ని యథాతథంగా ఫైల్లోకి రాస్తుంటే పాత డేటా ఫైళ్లు తప్పుగా చదవబడతాయి. అందులో -1 లాంటి విలువ దాస్తుంటే అది 1 అయి కూర్చుంటుంది. అలాంటి చోట ఇంట్‌నే ఉంచి, రకం పేరు మార్చడమే క్షేమం.

సందేహం: జీసీసీ 14లో 'ఇంప్లిసిట్ డిక్లరేషన్' ఎర్రర్ వస్తే -ఎఫ్‌పర్మిసివ్ ఇచ్చి దాటేశాను. బిల్డ్ అయింది కానీ నడిపితే సెగ్మెంటేషన్ ఫాల్ట్. ఎందుకు?

జవాబు: ఆ ఆప్షన్ ఎర్రర్‌ను వార్నింగ్‌గా దించిందంతే, తప్పు అక్కడే ఉంది. డిక్లరేషన్ దొరకని ఫంక్షన్ ఇంట్ తిరిగిస్తుందని కంపైలర్ అనుకుంటుంది. ఉదాహరణకు స్ట్ర్‌కేస్‌స్ట్ర్ (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడకుండా వెతికే ఫంక్షన్) తిరిగిచ్చేది 64 బిట్ల పాయింటర్. అందులో 32 బిట్లే మిగిలితే చిరునామా చెడి ప్రోగ్రామ్ కూలుతుంది. మొదటి ఇన్‌క్లూడ్ కన్నా పైన _జీఎన్‌యూ_సోర్స్‌ను డిఫైన్ చేసి, స్ట్రింగ్.హెచ్ కలపండి.

ఇంతకన్నా ప్రమాదం కాన్ఫిగర్ స్క్రిప్టులది. వాటిలోని పాత పరీక్ష ప్రోగ్రాములు కొన్ని ఇంట్ లేకుండా ఉత్త 'మెయిన్()'తో మొదలవుతాయి. జీసీసీ 14 వాటిని తిప్పికొడుతుంది. కాన్ఫిగర్ మాత్రం ఆ సదుపాయమే సిస్టమ్‌లో లేదనుకుని 'నో' అని రాసుకుపోతుంది. బిల్డ్ సాఫీగా ముగుస్తుంది, ప్రోగ్రామ్‌లో ఓ ఫీచర్ మాయమవుతుంది. కాన్ఫిగ్.లాగ్‌లో ఎర్రర్లు వెతికి లాభం లేదు, బాగున్న ప్యాకేజీలోనూ అవి ఉంటాయి. అదే సిస్టమ్‌లో పాత, కొత్త కంపైలర్లతో విడివిడిగా కాన్ఫిగర్ నడిపి, రెండు కాన్ఫిగ్.హెచ్ (పరీక్షల ఫలితాలు ఉండే) ఫైళ్లను డిఫ్‌తో పోల్చి చూడండి. తేడా వస్తే, కాన్ఫిగర్ స్క్రిప్టును కొత్తగా తయారుచేసే 'ఆటోరీకాన్ఫ్ -ఎఫ్ఐ' నడపండి. ఆ స్క్రిప్టుకు మూలమైన కాన్ఫిగర్.ఏసీలో చేత్తో రాసిన పరీక్షలు దీంతో బాగుపడవు, వాటిని విడిగా దిద్దాల్సిందే.

సందేహం: సీ++ ప్రాజెక్టులో 'యూఇంట్32_టీ డజ్ నాట్ నేమ్ ఎ టైప్' అంటోంది.

జవాబు: యూఇంట్32_టీని ప్రకటించే హెడర్ సీఎస్‌టీడీఇంట్. ఇతర హెడర్ల చాటున అది దానంతటదే వచ్చిపడటం జీసీసీ 13లో బాగా తగ్గింది. ఎర్రర్ చూపిన ఫైల్లో, ముఖ్యంగా అది హెడర్ అయితే అక్కడే, సీఎస్‌టీడీఇంట్‌ను ఇన్‌క్లూడ్ చేయండి.