చేపలు అంటే ఏ చేపలు?

తమ్మీ,

పాకాల చెరువు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. గణపతిదేవుడి కాలం నాటి కట్ట మీద పొద్దు పొడిచే పేరా చాలా బాగుంది. కానీ 'చెరువులో చేపల జనాభా తగ్గుతోంది' అన్న దగ్గర ఆగిపోయాను. ఏ చేపల జనాభా?

జీవావరణ శాస్త్రంలో జనాభా అంటే ఒకే జాతివి, ఒకే చోట, ఒకే కాలంలో బతుకుతూ తమలో తాము పిల్లల్ని కనేవి. పాకాలలోని కొర్రమట్టలు ఒక జనాభా, రామప్ప చెరువులోవి ఇంకొకటి. కొర్రమట్ట, బొచ్చె, రవ్వ, వాటిని మింగే నీటికాకి, ఒడ్డున తుంగ, నీళ్లలో నాచు, ఇవన్నీ కలిస్తే జీవసముదాయం. నువ్వు రాసిన 'చేపలు' ఈ రెండిట్లో ఏదీ కాదు.

జనాభా, జీవసముదాయం అన్న పేర్లదేముంది, ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. రెండిట్లో ఏదన్నదాన్ని బట్టి అడగాల్సిన ప్రశ్నే మారిపోతుంది, అదీ సంగతి. జనాభా అయితే ఎన్ని పుట్టాయి, ఎన్ని చచ్చాయి, బయటి నుంచి ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అని అడగాలి. కొర్రమట్ట చెరువులోనే గుడ్లు పెడుతుంది. ఒడ్డున గడ్డి పక్కన కదలకుండా కూర్చో, నీళ్ల పైపైన ఎర్రటి మచ్చ ఒకటి విడిపోతూ మళ్లీ దగ్గరవుతూ పోతుంటుంది, అవి దాని పిల్లలు, కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. బొచ్చె, రవ్వ అలా కాదు, వాటికి పారే నీళ్లు కావాలి, నిలిచిన నీళ్లలో మామూలుగా గుడ్లు పెట్టవు, అందుకే వానకాలంలో పిల్లల్ని తెచ్చి చెరువుల్లో వదులుతారు. వాటి లెక్కలో పుట్టుకలు దాదాపు సున్నా! ఒక ఏడు వదలకపోతే అవి తగ్గుతాయి, అదే ఏడు కొర్రమట్టలు పెరగొచ్చు కూడా. నీ ఒక్క వాక్యం ఈ రెండు కథల్నీ కలిపేసింది, నాకు బాధనిపించింది అక్కడే.

సముదాయమైతే ఎవరు ఎవర్ని తింటున్నారు, ఎవరి చోటు ఎవరికి పోతోంది అని చూడాలి. వదిలిన పిల్లల్లో కొన్నిటిని కొర్రమట్టే తినేస్తుంది. గుర్రపుడెక్క కమ్మేసి నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే బొచ్చె చచ్చి తేలుతుంది, కొర్రమట్ట మాత్రం పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది.

వ్యాసం పారేయకు, టెన్షన్ కూడా పడకు. ఆదివారం పొద్దున్నే వల లాగే టైమ్‌కి పో. పడ్డవాటిని రకం రకంగా విడివిడిగా రాసుకో, పిల్లలెన్ని, పెద్దవెన్ని అని కూడా. ఈసారి చేపపిల్లల్ని ఎప్పుడు వదిలారో చేపలు పట్టేవాళ్లనే అడుగు. ఆ కాగితం ఫోటో తీసి పంపు, వాక్యాల సంగతి తర్వాత చూద్దాం.