స్వీడన్ గాజు ఫ్యాక్టరీ ఓరెఫోర్స్‌లో పాత్రల మీద బొమ్మలు ఎలా చెక్కేవారు?

చూడగానే ఉబ్బెత్తుగా ఉన్నట్టు అనిపిస్తాయి గానీ, నిజానికి ఆ బొమ్మలు లోపలికి చెక్కినవి. గిర్రున తిరిగే చిన్న రాగి చక్రం అంచుకు నూనెలో కలిపిన ఎమెరీ అనే గట్టి రాతి పొడి రాసి, పాత్రను రెండు చేతులతో పట్టుకుని కింది నుంచి ఆనిస్తారు. గాజును కోసేది రాగి కాదు, ఆ పొడి. భుజం, తొడ లాంటి చోట్ల లోతుగా తీస్తారు. వేళ్లు, జుట్టు దగ్గర సన్నటి చక్రంతో పైపైన గీస్తారు. ఎంత లోతు తీస్తే ఆ భాగం వెలుగులో అంత ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది.

స్వీడన్‌లోని స్మోలాండ్ అడవుల మధ్య నడిచిన ఈ ఫ్యాక్టరీ 1916లో సిమోన్ గాటేను, ఆ మరుసటి ఏడాది ఎడ్వర్డ్ హాల్డ్‌ను డిజైనర్లుగా తీసుకుంది. ఇద్దరూ చిత్రకారులే, వాళ్లకు గాజు పని కొత్త. గాటేవి కండపుష్టి గల నగ్నమూర్తులు. ఫ్రెంచ్ చిత్రకారుడు మాటిస్ దగ్గర నేర్చుకున్న హాల్డ్‌ది తేలికైన గీత. 1921 నాటి ఆయన 'బాణసంచా' గిన్నె చూడండి: రవ్వలు చిమ్ముతుంటే జనం తలెత్తి చూస్తుంటారు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. 1925 పారిస్ ప్రదర్శనలో ఓరెఫోర్స్‌కు గ్రాండ్ ప్రీ అనే పెద్ద బహుమతి వచ్చింది. పేరు డిజైనర్లదే అయినా, చక్రం దగ్గర కూర్చుని చెక్కింది గుస్తాఫ్ ఆబెల్స్ లాంటి పనివాళ్లు.