మన ఊరి డౌనుకు తగిన పసిపిల్లల బండి

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి సౌభాగ్యవతి శ్రావణికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వు స్ట్రోలర్ సంగతి అడిగినప్పుడు, మీ పెద్దమ్మ పక్కనుంచి నీ తిండి గురించి, మందుల గురించి చెప్పడం మొదలుపెట్టడంతో నా మాట సగంలోనే ఆగిపోయింది. ఇది తొందరలో చెప్పి వదిలేసే విషయం కాదనిపించి ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఓడల మరమ్మతు వర్క్‌షాపులో చక్రాలతో, బేరింగులతో, తుప్పు పట్టిన ఇనుముతో గడిపి, రిటైరైన తరువాత ఇద్దరు మనవలను ఈ ఊరి రోడ్ల మీద ఏళ్ల తరబడి బండిలో తిప్పాను కనుక, ఈ విషయంలో నా మాట నీకు ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

మొదట చెప్పవలసింది, ఇప్పుడే కొనవద్దు. పుట్టకముందే బిడ్డ వస్తువులు కొనకూడదని మీ అత్తగారు అన్నారని నువ్వు కొంచెం నొచ్చుకున్నట్లు మాట్లాడావు కానీ, బండి విషయంలో ఆమె మాట వినడమే లాభం. పురుడు విజయనగరంలో మీ అమ్మ దగ్గర పోసుకుంటావు, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో సిరిపురం తిరిగి వస్తావు, అప్పటిదాకా పసిబిడ్డకు ఉయ్యాల, అమ్మమ్మ ఒడి చాలు. ఇప్పుడు కొంటే ఆ బండి నెలల తరబడి మూల నిలబడి, వాడకుండానే దాని గ్యారంటీ కాలం సగం కరిగిపోతుంది. నువ్వు తిరిగి వచ్చే ముందు పదిహేను రోజులు చాలు, నిదానంగా చూసి కొనుక్కోవచ్చు.

కొనే ముందు దుకాణానికి వెళ్లకుండా, అల్లుడుగారూ నువ్వూ కలిసి మీ ఇంటి గుమ్మం నుంచి బీచ్ రోడ్డు దాకా ఒకసారి నడిచి వెళ్లి రండి. బిడ్డను తీసుకొని రోజూ వెళ్లేది ఆ దారినే అన్నావు కాబట్టి, దారిలో మెట్లెన్ని, ఫుట్‌పాత్ గట్టు ఎంత ఎత్తు, కాలువల మీద ఇనుప జాలీలు ఎక్కడ ఉన్నాయి, ఎక్కడ ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదికి రావలసి వస్తుంది అన్నవి చూసి రాసుకోండి. మీకు లిఫ్టు లేదు, ఇల్లు మూడో అంతస్తు. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అన్నిటికీ మించి, సిరిపురం నుంచి పాండురంగాపురం మీదుగా సముద్రం వైపు దిగే ఆ డౌను ఉంది. హైదరాబాదులో ఏదో మాల్‌లో నున్నటి నేల మీద నడిపి చూసి బాగుందని నీ స్నేహితురాలు చెప్పిన బండి, ఈ దారికి తగినది అవుతుందన్న నమ్మకం లేదు. బండిని ఏ దారి మీద నడుపుతామో ఆ దారిని బట్టే ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం, తక్కిన సలహాలన్నీ దాని నుంచి వచ్చినవే.

చక్రాలతో మొదలుపెడతాను. పెద్ద మనవరాలికి మేము కొన్న మొదటి బండికి అరచేతిలో ఇమిడేంత చిన్న ప్లాస్టిక్ చక్రాలు ఉండేవి. దుకాణంలో వేలితో తోస్తే జారిపోయేంత తేలికగా ఉన్న ఆ బండి, మా వీధి మలుపులో కాలువ మీది జాలీ సందులో ముందు చక్రం ఇరుక్కుని, వెనుక భాగం ఒక్కసారిగా పైకి లేచింది. పిల్లకు బెల్టు పూర్తిగా పెట్టి ఉండబట్టి ఏమీ కాలేదు కానీ, ఆ క్షణం నా చేతులు వణికిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. అందుకే చక్రం వీలైనంత పెద్దదిగా, వెడల్పుగా ఉండేటట్లు చూడు. వెనుక చక్రాలు కనీసం జానెడు వ్యాసం ఉంటే మన రోడ్లకు పనికివస్తాయి. గట్టి ప్లాస్టిక్ కన్నా రబ్బరు గాని, స్పాంజిలా మెత్తగా ఉండే ఈవీఏ ఫోమ్ గాని మంచిది, గతుకుల అదురు బిడ్డ మెడ దాకా వెళ్లదు. గాలి నింపే టైర్లు ఇంకా మెత్తగా నడుస్తాయి, అయితే పంక్చరు బాధ ఉంటుంది కనుక మూడో అంతస్తులో ఉండేవారికి వాటిని నేను చెప్పను. ముందు చక్రాలు అన్ని వైపులా తిరిగేవై, అవసరమైనప్పుడు నిటారుగా బిగించే లాక్ కూడా ఉండాలి, ఎందుకంటే గతుకుల మీద, డౌనులో అవి అటూ ఇటూ కొట్టుకుంటే బండి పక్కకు లాగుతుంది. గట్టు ఎక్కేటప్పుడు హ్యాండిల్ కిందికి నొక్కి ముందు చక్రాలను పైకి లేపాలి, దిగేటప్పుడు బండిని వెనక్కి తిప్పి ముందుగా వెనుక చక్రాలను దించాలి. ఈ రెండూ అల్లుడుగారికి, మీ అత్తగారికి కూడా నేర్పించు.

బ్రేకు విషయంలో నువ్వు ఎంత చాదస్తంగా ఉన్నా నాకు ఇష్టమే. కొన్ని బండ్లకు రెండు వెనుక చక్రాలకు రెండు వేరు వేరు మీటలు ఉంటాయి, తొందరలో ఒకటి నొక్కి రెండోది మరిచిపోతే డౌనులో బండి బిగించిన చక్రం చుట్టూ గిర్రున తిరుగుతుంది. ఒక్క నొక్కుతో రెండు చక్రాలూ బిగిసే బండినే తీసుకో. మీటను వదిలించడానికి బొటనవేలితో పైకి ఎత్తవలసినవి కొన్ని ఉంటాయి. మనం బూట్లు వేసుకొని తిరిగేవాళ్లం కాదు, చెప్పులతో ఆ పని చేస్తే వేలు నొస్తుంది, నొస్తుందని బ్రేకు వేయడమే మానేస్తాం. కిందికి నొక్కితే పడి, మళ్లీ నొక్కితే వదిలేది మనకు అనువైనది. ఎంత మంచి బ్రేకు ఉన్నా, ఆగినప్పుడు బండిని వాలుకు అడ్డంగా నిలబెట్టు, వాలు దిశలో ఎప్పుడూ నిలబెట్టకు. హ్యాండిల్‌కు మణికట్టు పట్టీ ఉన్న బండ్లు కొన్ని వస్తున్నాయి, లేకపోతే మనమే ఒక బలమైన పట్టీ కట్టుకోవచ్చు. డౌను దిగుతున్నంతసేపూ రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి, ఫోను మోగినా పక్కకు ఆగి, బ్రేకు వేసి, ఆ తరువాతే తీయాలి. చున్నీ గాని చీర కొంగు గాని వెనుక చక్రం దగ్గర వేలాడకుండా దోపుకోవడం కూడా మరిచిపోకు.

నువ్వు తిరిగి వచ్చేటప్పటికి బిడ్డకు మూడు నెలలో ఐదు నెలలో ఉంటాయి కాబట్టి, వీపు ఆనే భాగం దాదాపు చదునుగా వాలే బండి తప్పనిసరి. మెడ నిలవడానికి మూడు, నాలుగు నెలలు, ఆసరా లేకుండా కూర్చోవడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. అంతలోపు సగం కూర్చున్నట్లు ఉంచితే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆని, ఊపిరికి అడ్డం పడే ప్రమాదం ఉంది. అందుకే గొడుగులా మడిచే పలుచని బండ్లు మీకు ఇప్పుడే వద్దు. ఆ నమూనాను 1965లో రూపొందించిన ఓవెన్ మెక్లారెన్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజనీరు, అల్యూమినియం గొట్టాలతో ఆయన చేసిన పనితనం చూస్తే వర్క్‌షాపు మనిషిగా నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. అయితే వాటిలో చాలావరకు వీపు పూర్తిగా వాలదు, అవి కూర్చోగలిగిన పిల్లలకు. బిడ్డ బండిలో నిద్రపోతే ఇంటికి రాగానే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టు, నిద్ర చెడుతుందని అందులోనే వదిలేయకు.

బెల్టు రెండు భుజాల మీదుగా, రెండు వైపుల నడుముకు, కాళ్ల మధ్య నుంచి వచ్చేది, అంటే ఐదు చోట్ల పట్టుకునేది కావాలి. భుజాల పట్టీల ఎత్తును బిడ్డ పెరిగే కొద్దీ మార్చుకునే వీలు ఉండాలి. అయిదు నిమిషాల దూరమే కదా అని బెల్టు పెట్టకుండా ఒక్కనాడు కూడా బయలుదేరవద్దు, మా పిల్లను కాపాడింది అదే. అలాగే కూరగాయల సంచిని హ్యాండిల్‌కు తగిలించే అలవాటు చేసుకోకు. బిడ్డను ఎత్తుకున్న మరుక్షణం ఆ బరువుకు బండి వెనక్కి పడిపోతుంది, బిడ్డ లోపల ఉండగానే పడిన సందర్భాలూ ఉన్నాయి. సంచీ కోసం సీటు కింద బుట్ట ఉన్నదే చూడు.

బరువు దగ్గర కొంచెం ఆలోచించాలి. పెద్ద చక్రాలు, చదునుగా వాలే సీటు ఉన్న బండి సాధారణంగా తొమ్మిది, పది కిలోలకు పైనే తూగుతుంది. ఆరేడు కిలోల బండ్లలో చక్రాలు చిన్నవై ఉంటాయి. రెండూ ఒకే బండిలో కావాలనుకోవడం కష్టం. నా సలహా ఏమిటంటే, బరువైన బండినే తీసుకొని, దాన్ని మూడో అంతస్తుకు మోయకుండా కింద మెట్ల దగ్గర గొలుసు వేసి ఉంచుకోవడానికి అపార్ట్‌మెంటు వాళ్లను ఇప్పుడే అడగండి. వాచ్‌మన్‌తో ముందుగా మాట్లాడుకుంటే ఇబ్బంది ఉండదు. ఆ వీలు లేదంటే మాత్రం ఎనిమిది కిలోల లోపు బండితో సరిపెట్టుకొని, డౌను మీద ఎక్కువ తిరగకుండా, ఆటోలోనో కారులోనో బీచ్ దాకా వెళ్లి అక్కడ చదును మీద నడిపించండి. తెల్లవారుజామున వాహనాలను ఆపి నడిచేవారికి వదిలిపెట్టే వేళలో బీచ్ రోడ్డు మీద బండి నడపడం ఎంత హాయిగా ఉంటుందో నీకే తెలుస్తుంది.

మడిచే పద్ధతిని నువ్వు, అల్లుడుగారు, మీ అత్తగారు ముగ్గురూ దుకాణంలోనే చేసి చూడాలి. ఒక చేత్తో బిడ్డను పట్టుకొని రెండో చేత్తో మడవగలగాలి, ఆటోలో కాళ్ల ముందు నిలబెట్టేంత చిన్నదవ్వాలి. విప్పిన తరువాత లాక్ పడిన శబ్దం స్పష్టంగా వినిపించాలి. మడత కీళ్లలో చిన్న వేలు దూరే సందు ఉందేమో బాగా చూడు. 2009లో అమెరికాలో ఇటువంటి కీళ్లలో పసిపిల్లల వేళ్ల చివరలు తెగిన కారణంగా దాదాపు పది లక్షల బండ్లకు కీళ్ల మీద వేసే తొడుగులు ఇవ్వవలసి వచ్చింది. బండి మడిచేటప్పుడు, విప్పేటప్పుడు బిడ్డ చేతికందనంత దూరంలో ఉండాలన్నది మన ఇంట్లో నియమంగా పెట్టుకుందాం.

ఇక నా వృత్తికి దగ్గరగా ఉన్న సంగతి, ఉప్పుగాలి. మన తీరంలో మామూలు ఇనుప గొట్టానికి పెయింటు ఎక్కడ లేచినా అక్కడి నుంచి తుప్పు లోపలికి పాకుతుంది, పైకి కనిపించేటప్పటికి లోపల సగం తినేసి ఉంటుంది. ఫ్రేము అల్యూమినియంది అయితే నిశ్చింత, కాని రివెట్లు, స్ప్రింగులు, చక్రాల ఇరుసులు ఇనుపవే అయి ఉండవచ్చు. ఒక చిన్న అయస్కాంతం వెంట తీసుకువెళ్లి ఆనించి చూస్తే ఏది ఇనుమో తెలిసిపోతుంది. బీచ్ నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీటిలో పిండిన గుడ్డతో చక్రాలు, కీళ్లు తుడిచి పొడిగా ఆరబెట్టాలి. ఇసుకలోకి మాత్రం దింపవద్దు. కీచుమంటోందని మామూలు నూనె వేస్తే ఇసుక దానికే అంటుకొని ఇరుసును అరగదీస్తుంది, తడి అంటని సిలికాన్ స్ప్రే వేయాలి. సీటు గుడ్డ మొత్తం విప్పి ఉతకగలిగేది కావాలి, మన ఉక్కకు, చెమటకు, వానాకాలపు చెమ్మకు నెల రోజుల్లోనే బూజు వాసన పడుతుంది.

ఎండ గురించి ఒక తప్పు అలవాటును నీకు ముందే చెప్పాలి. ఎండ తగులుతుందని బండి మీద తుండుగుడ్డ కప్పేస్తే లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది. సిడ్నీ విశ్వవిద్యాలయంవారు దీన్ని కొలిచి చూసి, పొడి గుడ్డ కప్పితే బండి లోపల ఉష్ణోగ్రత పెరుగుతుందనీ, పలుచని తడి గుడ్డతో పాటు చిన్న ఫ్యాను ఉంటే తగ్గుతుందనీ చెప్పారు. మన ఊరి ఉక్కలో తడి తొందరగా ఆరదు కాబట్టి అక్కడ వచ్చినంత చల్లదనం ఇక్కడ వస్తుందని అనుకోకు. పెద్ద గొడుగు, దాని వెనుక గాలికి జాలీ కిటికీ, లేత రంగు గుడ్డ ఉన్న బండి తీసుకొని, ఎండాకాలంలో ఉదయం ఏడున్నర లోపు, సాయంత్రం సముద్రపు గాలి మళ్లిన తరువాత మాత్రమే బయటికి తీసుకువెళ్లు. దోమతెర అన్ని వైపులా బిగువుగా పట్టేదిగా విడిగా కొనుక్కో. వాన తొడుగును మాత్రం వాన ఆగిన వెంటనే తీసేయాలి.

దుకాణంలో బండి మీద ఐరోపా ప్రమాణం ఈఎన్ 1888 గాని, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్ 833 గాని రాసి ఉందేమో అడుగు. ధర మూడు, నాలుగు వేల నుంచి ముప్పై వేలు దాటి కూడా ఉంటుంది. పైసలు పెరిగిన కొద్దీ భద్రత పెరుగుతుందని నేను అనుకోను, కప్పులు పెట్టే గూళ్లకు, మెరిసే రంగులకు అదనంగా ఇవ్వనక్కరలేదు. బండితో పాటు వాకర్ కూడా తీసుకోమని దుకాణంవారు ఒత్తిడి చేస్తే వద్దని చెప్పు, మెట్ల మీద నుంచి పిల్లలు పడుతున్నారని కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. బంధువుల ఇంట్లో వాడిన బండి దొరికితే మొహమాటపడకుండా తీసుకో, కానీ ముందు నాకు చూపించు.

ద్వారకానగర్ దుకాణాలకు వెళ్లే రోజు ఖాయం చేసుకొని ఒకరోజు ముందుగా ఫోను చేయి. ఏడాది నిండిన బిడ్డ బరువుకు దగ్గరగా ఉండే పది కిలోల బియ్యం సంచీ, కొలత టేపు, అయస్కాంతం నేను తీసుకొని వస్తాను. సంచీకి బెల్టు పెట్టి, బ్రేకు వేసి, దుకాణం బయట ఏదైనా వాలు మీద నిలబెట్టి చూసిన తరువాతే డబ్బు కడదాం.

వేళకు తిని, విశ్రాంతి తీసుకో తల్లీ. అల్లుడుగారికి, మీ అత్తమామలకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ పెదనాన్న