పగడాల వంశవృక్షం రాసే ముందు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ చిత్తుప్రతిలో మొదటి వాక్యం కొట్టేయి. "సీ ఎనిమోన్ (సముద్రపు అడుగున పువ్వులా కనిపించే మెత్తటి జంతువు) మెల్లగా గట్టిపడి పగడమైంది" అనడం పెదనాన్న కొడుకును తాతను చేసినట్టుంది. ఇవాళ బతికున్న ఈ రెండూ దాయాదులు. వాటి ఉమ్మడి పూర్వజీవి వేరు. అది ఈ రెండింటిలో దేన్నీ అచ్చంగా పోలి ఉండనక్కర్లేదు.

ఇక "పగడం" అన్న మాట. అది ఇంటిపేరు కాదు, వృత్తి పేరు లాంటిది. ఒంట్లో గట్టి పదార్థం కూడబెట్టిన రకరకాల సముద్రజీవులకు ఆ పేరే అంటించారు. నగల్లో పొదిగే ఎర్ర పగడం ఆక్టోకొరల్ శాఖది. దిబ్బలు కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, సీ ఎనిమోన్లు హెక్సాకొరల్ శాఖవి. అంటే రాతి పగడానికి ఎర్ర పగడం కన్నా మెత్తటి సీ ఎనిమోనే దగ్గరి చుట్టం. వ్యాసం ఇక్కడే మొదలుపెట్టు. తాకితే మండే ఫైర్ కోరల్ ఈ రెండు శాఖలదీ కాదు, హైడ్రా అనే చిన్న నీటి జంతువు వైపుది.

శాఖను గుర్తుపట్టడానికి స్పర్శకాలు (నోటి చుట్టూ ఉండే వేళ్లలాంటివి) లెక్కపెట్టమని రాశావు. లెక్క ఒక్కటే చాలదు. ఆక్టోకొరల్ పాలిప్‌కు, అంటే గొట్టంలాంటి ఒక్కో చిన్న జీవికి, ఎనిమిది స్పర్శకాలు, ఒక్కోదానికీ ఈకలా రెండు పక్కలా చిన్న పాయలు. ఆ పాయలు చూడాలి. హెక్సాకొరల్స్‌లో స్పర్శకాలకైనా, ఒంటి లోపలి తెరలకైనా ఆరు, దాని గుణిజాలు మామూలే గానీ ఆ లెక్క తప్పేవీ ఉన్నాయి. నెమటోస్టెల్లా అనే సీ ఎనిమోన్ లోపలి తెరలు (మీసెంటరీలు) ఎనిమిదే.

అందరూ జారిపడేది జన్యువుల దగ్గర. ఈ జీవుల్లో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) డీఎన్‌ఏ చాలా నెమ్మదిగా మారుతుంది. మిగతా జంతువుల జాతులను విడదీసే సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువు, ఇక్కడ దగ్గరి జాతులను తరచూ విడదీయలేదు. 2006లో మైటోకాండ్రియా జీనోములతో (అందులోని మొత్తం డీఎన్‌ఏతో) కట్టిన వంశవృక్షంలో, కొరల్లిమార్ఫ్‌లనే అస్థిపంజరం లేని జీవులు రాతి పగడాల మధ్యలో వచ్చి కూర్చున్నాయి. అంటే అవి అస్థిపంజరం పోగొట్టుకున్న పగడాలన్నమాట! కథ బాగుంది, అదే చిక్కు. తర్వాత వందలాది న్యూక్లియర్ (కణ కేంద్రకంలోని) జన్యువులతో చూస్తే రాతి పగడాలన్నీ ఒకే కొమ్మ, కొరల్లిమార్ఫ్‌లు దాని పక్క కొమ్మ. మైటోకాండ్రియా డీఎన్‌ఏ వరసల కూర్పు ఒకవైపు మొగ్గి ఉండడమే మొదటి చెట్టును దారి తప్పించిందని అర్థమైంది. కాబట్టి "జన్యువులు తేల్చాయి" అని ఎక్కడా రాయకు. ఏ జన్యువులు, ఏ ఏడు అన్నది ఆ వాక్యంలోనే ఉండాలి.

అస్థిపంజరం పోలికనూ నమ్మకు. ఒకప్పుడు ఫేవియా అనే ఒకే పేరు కింద ఉన్న అట్లాంటిక్, పసిఫిక్ పగడాలు నిజానికి దూరపువి. పసిఫిక్ వాటిని ఇప్పుడు డిప్సాస్ట్రియా అంటున్నారు.

శిలాజాల పేరా కుదించు. రుగోసా అనే పాతకాలపు పగడాలు సుమారు 25.2 కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ చివర అంతరించాయి. రాతి పగడాల శిలాజాలు ట్రయాసిక్ మధ్యలో, సుమారు 24 కోట్ల ఏళ్ల నాడు కనిపిస్తాయి. ముందు పోయినవే తర్వాత వచ్చినవాటి తల్లిదండ్రులని రాశావు. అది నిలవదు: రుగోసా అస్థిపంజరం కాల్సైట్ అనే ఖనిజం, రాతి పగడాలది అరగొనైట్ అనే వేరే ఖనిజం. లోపలి గోడలు పుట్టే వరసా వేరు. జన్యువుల్లో మార్పుల వేగంతో కాలం లెక్కగట్టే జన్యు గడియారాలు రాతి పగడాల మూలాన్ని ఇంకా వెనక్కి తీసుకెళ్తాయి. ఒళ్లు మెత్తగా ఉన్న పూర్వీకులకు శిలాజం మిగలడం అరుదు.

వంశవృక్షం బొమ్మలో కొమ్మలను, అవి చీలే కణుపు దగ్గర తిప్పినా చుట్టరికం మారదు. అందుకని సీ ఎనిమోన్‌ను ఎప్పుడూ అడుగున, పగడాన్ని పైన పెట్టకు, నిచ్చెనలా కనిపిస్తుంది. గొట్టం కట్టుకుని అందులో బతికే గొట్టపు ఎనిమోన్ల చోటు మీద ఇంకా వాదం ఉంది. వాటి కొమ్మను చుక్కల గీతతో గీయి. ముందు ఆ బొమ్మ పంపు, వాక్యాలు తర్వాత చూద్దాం.