ఆ ఇంట్లో అందరికంటే పెద్ద ఎవరు?

పుస్తకాల గురించి మీరడిగే ప్రశ్నలకు, హనుమకొండలో ముప్పై ఒక్క ఏళ్ళు లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన మా కాలమిస్టు జవాబులు.

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్ళు. నాన్న పోయినప్పటి నుంచి లావుపాటి నవలలే చదువుతోంది. తాత, కొడుకు, మనవడు, మునిమనవడు అంటూ వందేళ్ళు సాగే కథలు. నేనూ ఒకటి మొదలుపెట్టి 80వ పేజీ దగ్గర ఆపేశాను. నాకు నచ్చిన మనిషి చచ్చిపోయాడు, అతని కొడుకు కథ మొదలైంది. మళ్ళీ కొత్తవాళ్ళతో పరిచయం చేసుకోవాలంటే విసుగొచ్చింది. అమ్మకు వీటిలో ఏం దొరుకుతోంది? దుఃఖం మర్చిపోవడానికి వీటిలో దాక్కుంటోందేమో అని టెన్షన్‌గా కూడా ఉంది. — ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: అమ్మా, ఇంకొక్క ఇరవై పేజీలు ఓపిక పట్టి ఉంటే బాగుండేది. ఆ మనిషి పోయాకే అసలు కథ మొదలయ్యేది. ఎందుకో మా ఇంటి సంగతితో చెప్తాను.

మాది వరంగల్ కొత్తవాడ. తాత మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. బాపు మగ్గం వదిలి ఆజంజాహి మిల్లులో చేరాడు. 1934లో పెట్టిన ఆ మిల్లు కూతకే మా వాడంతా నిద్రలేచేది. నేను చదువుకుని పుస్తకాల మధ్య పడ్డాను. మా బాపమ్మకు ఒక అలవాటుండేది. అటక మీద చిన్న మట్టికుండలో బియ్యం దాచేది. మూతకు గుడ్డ కట్టేది. ప్రతి అమావాస్యకూ పాత బియ్యం దించి వండి, కొత్తవి పోసి మళ్ళీ అటకెక్కించేది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కూడా మానలేదు. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. ఆమె మారు మాట్లాడేది కాదు.

ఆమె పోయిన నాలుగేళ్ళకు నేనొక అనువాద నవల చదువుతున్నాను. మొదటి భాగంలో ఒక కొత్త కోడలు, ఇంట్లో గింజ లేని రాత్రి, పొయ్యి మీద ఉత్త నీళ్ళు కాస్తుంది. పక్కింటివాళ్ళకు పొగ కనబడాలని. నాలుగు వందల పేజీలు తిరిగేసరికి ఆమె ముసలిదైంది. రొట్టెముక్కలు గుడ్డలో కట్టి దిండు కింద పెట్టుకుంటోంది. మనవరాలు అది చూసి నవ్వుతుంది. ఆ పిల్లకు ఆ రాత్రి సంగతి తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలిసినవాళ్ళంతా పోయారు. నాకు ఒక్కదానికే తెలుసు. పుస్తకం మూసి అటక వైపు చూశాను. అక్కడ కుండ లేదు. అలా నవ్విన మనవరాలిని నేనే కదా అని ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

తెల్లారి మేనత్తను అడిగితే చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మా ఇంట్లో మగ్గం ఆగిపోయిందట. అప్పటికి బాపమ్మకు ఇద్దరు పిల్లలు. అంతకంటే ఎక్కువ ఆమె చెప్పలేదు, నేనూ తరిచి అడగలేదు.

ఇలాంటి నవలల్లో దొరికేది ఇదేనమ్మా. ఒక్క మనిషి కథ చదివేటప్పుడు మనం అతని పక్కన నడుస్తాం. తరాల కథ చదివేటప్పుడు, మూడో తరం వచ్చేసరికి ఆ ఇంట్లో అందరికంటే పెద్ద మనమే అవుతాం. ముత్తాత ఎందుకు ఊరు వదిలాడో, ఆ తలుపుకు రెండు గడియలు ఎందుకు పెట్టారో, ఆ ఇంట్లో ఆడపిల్లకు ఆ పేరు ఎందుకు పెట్టకూడదో చదివేవాళ్ళకే తెలుసు. మునిమనవడు తెలియక ఆ తప్పే మళ్ళీ చేయబోతుంటే, ఒరేయ్ వద్దురా అని అరవాలనిపిస్తుంది. అరిచినా వాడికి వినపడదు. నిజం ఇంట్లో ఈ పెద్దరికం ఎవరికీ పూర్తిగా దొరకదు. మనం పుట్టేసరికి సగం కథ అయిపోయి ఉంటుంది, మిగతా సగం చూడకుండానే పోతాం.

మా వాడలో అంత పెద్దరికం ఉన్న మనిషిని చిన్నప్పుడు చూశాను. కూనపులి వాళ్ళు మా పద్మశాలీల ఇళ్ళకు పటం కథ చెప్పడానికి వచ్చేవారు. చేర్యాల నకాషీవాళ్ళు ఎర్రటి నేల మీద బొమ్మలు గీసిన పొడుగాటి గుడ్డ. దాన్ని ఒక్కో వరుస విప్పుకుంటూ మార్కండేయుడి కథ, ఆయన కొడుకు భావనాఋషి తామర తూళ్ళ నుంచి నారతీసి బట్ట నేసిన కథ, ఆయన నూటొక్క మంది కొడుకుల నుంచి నూటొక్క గోత్రాలు ఏర్పడిన కథ చెప్పేవారు. అది పురాణమే, కానీ కూర్చున్నవాళ్ళందరూ తమ గోత్రం పేరు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి వినేవారు. మా ఇంటికి వచ్చే ముసలాయన ఏళ్ళ తర్వాత వచ్చినా గడప దగ్గర ఆగి, “ఏం బిడ్డా, మీ పెద్దోడు బీమండి నుంచి రానేలేదా?” అని అడిగేవాడు. మా పెద్దబాపు పనికోసం మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు బీమండి పోయి తిరిగి రాలేదు. ఇంట్లో ఆయన పేరెత్తేవాళ్ళం కాదు. బయటి నుంచి వచ్చిన ఆ మనిషి మాత్రం మా ఇంటి తరాలన్నీ గుర్తుపెట్టుకుని అడిగేవాడు. పెద్ద నవల చివరి భాగంలోకి వచ్చినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

చరిత్ర సంగతీ ఇంతే. బడి పుస్తకంలో 1948 పోలీసు చర్య సెప్టెంబరు 13న మొదలై అయిదు రోజుల్లో అయిపోతుంది. అదే సంగతి తరాల నవలలో ముప్పై ఏళ్ళు సాగుతుంది. ఆ వారంలో ఊరు వదిలినవాళ్ళెవరు, వాళ్ళ భూమి ఎవరి చేతికి వచ్చింది, ఆ రెండిళ్ళ మధ్య పెళ్ళి సంబంధం ఎందుకు చెడింది, అన్నీ వస్తాయి. ఇలాంటి కాలాన్ని మన వరంగల్ నుంచే రాసిన పెద్ద నవల కావాలంటే అంపశయ్య నవీన్ గారి ‘కాలరేఖలు’ ఉంది. 2004లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు అందుకుంది. దాని వరుసలోనే ‘చెదిరిన స్వప్నాలు’, ‘బాంధవ్యాలు’ వస్తాయి. మీకు ఈ నేల కథతో మొదలుపెట్టడం తేలికవుతుంది.

మా లైబ్రరీలో అన్నిటికంటే నలిగిపోయిన తరాల కథ మాత్రం అనువాదం. అలెక్స్ హేలీ 1976లో తెచ్చిన ‘రూట్స్’కు సహవాసి గారి తెలుగు, ‘ఏడుతరాలు’. గాంబియా నుంచి బానిసగా అమెరికాకు తెచ్చిన కుంటా కింటే తన బిడ్డకు నదిని చూపించి ‘కాంబీ బొలోంగో’ అని నేర్పుతాడు. తరానికి తరం ఆ మాటను పిల్లల చెవిన వేస్తూ పోతారు. హేలీ చెప్పిన వంశావళిని చరిత్రకారులు తర్వాత ప్రశ్నించారు. దాన్ని నవలగా చదవడమే సరైనదని నా అభిప్రాయం. ఆ పుస్తకం చివరి తెల్లకాగితం మీద ఎవరో పెన్సిల్‌తో వంశవృక్షం గీశారు. ఇంకెవరో నీలి సిరాతో ఇంకో రెండు పేర్లు కలిపారు. ఒకరోజు పుస్తకం వాపసు తీసుకుంటూ చూస్తే, దాని కింద మరో చేతిరాతలో మూడు వరుసలు ఉన్నాయి: “మా తాత జీతగాడు. మా నాయిన జీతగాడు. నేను పది పాసైన.”

లైబ్రరీ పుస్తకంలో రాతలుంటే చెరిపేయాలి. నేను చెరపలేదు. బైండింగ్‌కు పంపినప్పుడు ఆ కాగితం పోకుండా కుట్టమని బైండరుకు రెండుసార్లు చెప్పాను.

ఇక మీ అమ్మగారి గురించి. నాన్నగారితో పాటు ఆమె జ్ఞాపకాలకు సాక్షి పోయాడు. పెళ్ళైన కొత్తలో అద్దె ఇల్లు ఎలా ఉండేది, మీరు పుట్టిన రోజు వాన ఎంత పడింది, ఇవి “అవును కదా” అనడానికి ఇంకెవరూ లేరు. ఆ నవలల్లో ఒక మనిషి నూట యాభయ్యో పేజీలో పోతాడు. అయిదు వందో పేజీలో, అతన్ని ఎన్నడూ చూడని పిల్లవాడు అచ్చం అతనిలాగే చెయ్యి తిప్పుతూ మాట్లాడతాడు. గుర్తుపట్టేది చదివేవాళ్ళే. మీ అమ్మ దాక్కోవడం లేదు, వెతుక్కుంటోంది అనిపిస్తోంది నాకు. ఆమె చదువుతున్న పుస్తకంలో మొదటి తరం వాళ్ళ గురించి ఒక సాయంత్రం అడిగి చూడండి. మాట అక్కడ మొదలై మీ నాన్నగారి దగ్గరికి తప్పకుండా వస్తుంది. తిండి, నిద్ర తగ్గితే, మనుషులతో మాట్లాడటం మానేస్తే డాక్టరుకు చూపించండి. పుస్తకం చేతిలో ఉందన్నంత మాత్రాన బుగులు పడొద్దు.

ప్రశ్న: ఈ నవలల్లో మునిమనవళ్ళకు ముత్తాతల పేర్లే పెడతారు. ఎవరు ఎవరో తెలియక వెనక్కి తిప్పుతూనే ఉంటాను. మొదట్లో ఇచ్చే వంశవృక్షం చూసుకుంటూ చదవాలా? — డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: వద్దు బాబూ. అందులో ఎవరు ఎవరిని చేసుకుంటారో, ఎవరికి పిల్లలు లేరో ముందే తెలిసిపోతుంది. ఒక కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని, మనిషి వచ్చినప్పుడల్లా పేరు, పక్కన ఒక గుర్తు రాసుకో. కుంటుతాడు, ఈల వేస్తాడు, అప్పులవాడు, అంతే చాలు. కొన్నిచోట్ల రచయిత కావాలనే పేర్లు తిరగేస్తాడు. గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ 1967 నాటి నవల ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’లో బుయెందియాల ఏడు తరాల కథ చెప్తూ హోసే ఆర్కాదియో, ఔరేలియానో అనే పేర్లే తిప్పితిప్పి పెట్టాడు. ఒకాయనకు పదిహేడు మంది కొడుకులుంటే అందరూ ఔరేలియానోలే. పేరుతో పాటు స్వభావమూ దిగుతుందని ఆ ఇంటి పెద్దావిడ కనిపెడుతుంది. మనలోనూ తాత పేరు మనవడికి పెట్టి, మామ పేరు నోటితో అనకూడదని కోడలు ఆ పిల్లవాణ్ణి వేరే పేరుతో పిలిచే ఇళ్ళున్నాయి. అలాంటి ఇంట్లో పెరిగితే నీకు ఈ నవలలు కష్టం కావు.

ప్రశ్న: మా కుటుంబం కథ నవలగా రాయాలని ఉంది. మా నాయనమ్మకు 88 ఏళ్ళు. అన్నీ తెలుసు కానీ నోరు విప్పదు. ముఖ్యంగా తన అక్క గురించి అడిగితే లేచి వెళ్ళిపోతుంది. ఎలా రాయాలి? — ప్రైవేటు ఉద్యోగి, జగిత్యాల

జవాబు: జర్మన్ రచయిత థామస్ మన్ తన 26వ ఏట, 1901లో అచ్చువేసిన ‘బుడెన్‌బ్రూక్స్’లో ఒక సన్నివేశం ఉంది. ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు. నాలుగు తరాల పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ రాసుకున్న ఇంటి పుస్తకం ఒకటుంటుంది. చివరి తరం పిల్లవాడు హన్నో దాన్ని తెరిచి, తన పేరు కింద స్కేలు పెట్టి రెండు గీతలు కొడతాడు. తండ్రి కోప్పడితే, “ఇక ఏమీ రాదనుకున్నాను” అంటాడు. తర్వాత ఏమవుతుందో చెప్పను. ఇంగ్లీషులో డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను, ఆ పేజీ మాత్రం కంఠస్థం.

మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉండి ఉండదు. అయినా రాతలు ఉంటాయి. పెళ్ళికి వచ్చిన ఇత్తడి బిందెలూ గంగాళాలూ తిరగేసి చూడండి, ఇచ్చినవాళ్ళ పేర్లూ తేదీలూ చెక్కి ఉంటాయి. మా పెద్దబాపు పెళ్ళి తేదీ నాకు గంగాళం అంచు మీదే దొరికింది. భూమి ఉంటే 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు నకలు తీయించండి, అప్పుడు ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. బడి టీసీలో పుట్టినతేదీని నమ్మకండి, మన ఊళ్ళల్లో చాలామందికి అది సారు అందాజగా వేసిందే.

నాయనమ్మను సంవత్సరాలు అడగొద్దు. “రజాకార్ల గడబిడప్పుడు నువ్వు ఎంత ఉన్నవ్?” అని అడగండి. “మేడారం జాతరకు మొదటిసారి ఎవరి బండి మీద పోయినవ్?” అని అడగండి. మీ తాతను దేవుణ్ణి చేయకండి. ముత్తాతకు ఆ ఎకరాలు ఎలా వచ్చాయో రాయకుండా దాటేసే నవల నాకు నచ్చదు, ఎంత బాగా రాసినా సరే.

ఇక ఆ అక్క. మనం గీసే వంశవృక్షాల్లో మగవాళ్ళ పేర్లే కొమ్మలు. అత్తగారింటికి పోయిన ఆడపిల్ల పేరు అక్కడితో ఆగిపోతుంది. అసలు పెళ్ళే కాకుండా పోయిన పిల్ల అయితే ఆ మాత్రం కూడా ఉండదు. మీ నవల ఆమె కోసమే రాయాలేమో. కానీ ఆమె కథ నాయనమ్మ సొత్తు, ఇస్తేనే తీసుకోవాలి. ఫోన్ రికార్డింగ్ పెట్టకండి. నోట్‌బుక్ సంచిలోనే ఉండనివ్వండి. వచ్చే ఆదివారం ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని మీరూ ఒలవండి. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఈ పని ఎవరు చేసేవాళ్ళో అడగండి. ఆ రోజు ఏమీ చెప్పకపోతే ఇంకో ఆదివారం వెళ్ళండి. అక్క పేరు ఆమె నోటి నుంచి వచ్చిన రోజు నాకు ఒక ఉత్తరం రాయండి.